రెండుసార్లు పడిన సుగుణమ్మ

మా సాంబయ్య సారుకు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు చాయ్ తెప్పిస్తారు. చాయ్ అయ్యేలోగా అడిగినవాడే సిగ్గుపడి ప్రశ్న వెనక్కి తీసుకుంటాడని ఆయన నమ్మకం. నిర్మల్‌లో ఆయన స్టూడియోలో ఫొటోలు తీయడం నేర్చుకున్న మా అందరికీ ఇది అనుభవమే. ఈ మధ్యే నేర్చుకోవడానికి చేరిన తిరుమలేష్ మాత్రం రెండు చాయ్‌లు తాగి కూడా తగ్గలేదు.

అతను అడిగింది గోడ మీది పెద్ద ఫొటో గురించి. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టిన నల్లరాతి లోయ, దాని చివర జలపాతం. తొమ్మిది ఫొటోలు వరసగా తీసి ఒక్కటిగా అతికిన పనోరమా అది.

"సార్, ఎడమ పక్కన మేడమ్ బండ మీద కూసున్నరు. జానెడు అవతల మళ్ల మేడమే నిలబడి చెయ్యి ఊపుతున్నరు. ఒక్క మనిషి రెండుసార్లు పడుడు తప్పు గద! దిద్దకుండ గోడకెందుకు పెట్టిన్రు?"

ఆ మాట అడగటానికి మాకు పదేళ్లుగా ధైర్యం చాలలేదు. సారు గ్లాసు కింద పెట్టారు.

"పనోరమాకు పద్ధతేంది?"

"ఎడమ నుంచి కుడికి పోవాలె సార్. వెనకటి ఫొటోది మూడో వంతు కొత్త దాంట్ల మళ్ల పడాలె. లేకుంటే అతుకు కుదరదు."

"ఆ మూడో వంతును ఎవడన్న చూస్తడా?"

"చూసిందే గద, మళ్ల చూసుడెందుకు?" అని నవ్వాడు తిరుమలేష్.

"నేను గూడ అట్లనే అనుకున్న," అని సారు ఆనాటి సంగతి చెప్పారు.

ఆ రోజు ఆయన ఎత్తు గట్టు మీద స్టాండు నిలబెట్టుకున్నారు. భార్య సుగుణమ్మ కింద వాగులో బండ మీద సద్ది గిన్నెతో కూర్చుంది. తుంపరకు అద్దం మసకబారుతుంటే ప్రతి ఫొటోకూ తుడుచుకుంటూ, కెమెరాను కొంచెం కొంచెం కుడికి తిప్పుతూ పోయారు. ఏడో ఫొటో దగ్గర జలపాతం ఎర్రబడింది. పైన వాన కురిసి వరద దిగుతోందని గొర్రెలు కాసేవాడికైనా తెలుస్తుంది. మా సారు మాత్రం రంగు భలే కుదిరిందని సంబరపడ్డారట! తొమ్మిదోది నొక్కి తల తిప్పితే బండ లేదు. ఎర్రనీళ్లే ఉన్నాయి.

పేరు పెట్టి అరిచారు. ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినిపించలేదు. కెమెరాలో ఫొటోలు వెనక్కి తిప్పారు. మూడోదాంట్లో సుగుణమ్మ బండ మీదే ఉంది. నాలుగోదాంట్లో, మళ్లీ పడిన ఆ మూడో వంతులో, బండ ఖాళీ. ఆమె ఒడ్డున కాలిబాట మొదట్లో నిలబడి ఈయన వైపే చెయ్యి ఊపుతోంది.

సారు స్టాండూ చెప్పులూ అక్కడే వదిలేసి ఆ బాటన పరిగెత్తారు. పైన మోదుగ చెట్టు కింద ఆమె సద్ది విప్పుకుని కూర్చుంది. ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమె ముందు చతికిలబడి ఏడ్చేశారు.

"చెత్త కొట్టుకొస్తుంటే వరదని లేచిన," అందట సుగుణమ్మ. "మూడుసార్లు పిలిచిన, చెయ్యి ఊపిన. ఆ కెమెరాల మొఖం పెట్టినోనికి పెండ్లాం ఏడ కనవడ్తది! ఏడ్చింది చాలు, తిను."

తిరుమలేష్ ఫొటో దగ్గరికి పోయి, చెయ్యి ఊపుతున్న మేడమ్‌ను మళ్లీ చూశాడు.

"మరి దిద్దమంటవా?" అన్నారు సారు. "కూసున్న సుగుణను నేను తీసిన. చెయ్యి ఊపిన సుగుణను కెమెరా తీసింది."