ఇంటిల్లిపాదీ పాటించవలెను

తణుకులో స్టీలు సామాన్ల కొట్టు కొండలరావు ఇంటికి ఒక గొప్ప ఉంది. ఆ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తారు.

"ఊళ్ళో వాళ్ళందరూ సొంత తెలివి వాడి పనులు చెడగొట్టుకుంటారండీ. మేం ఆ జోలికే పోం. తెలిసినవాళ్ళు ఒక మాట చెప్పారా, దానికి గోరంత అటూ ఇటూ జరగం. అదీ మా తెలివి" అని కొండలరావు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. గిన్నె కొనడానికొచ్చినవాడు గిన్నె మర్చిపోయి ఆ మాట పట్టుకుని వెళ్ళేవాడు.

ఆయన భార్య వరహాలుకి ఇంకా గర్వం. ముగ్గురూ మగపిల్లలే, ముగ్గురూ మాట వినే పిల్లలే. చిన్నవాడు ఉదయ్ ఏడో తరగతి. ఓసారి వాడికి "వానొస్తే మేడ మీద బట్టలు కిందికి తెచ్చెయ్యరా" అని చెప్పి బజారుకెళ్ళింది. వానొచ్చింది. ఇంకేముంది, వాడు వీధిలో మేడలన్నీ ఎక్కి, పద్నాలుగు ఇళ్ళ బట్టలు తెచ్చి హాల్లో కుప్ప పోశాడు. ఏ మేడో అమ్మ చెప్పలేదు కదా మరి! వీధి వీధంతా వచ్చి ఎవరి లుంగీ వాళ్ళు వెతుక్కుంటుంటే, వరహాలు వాడికి దిష్టి తీసింది. నడిపివాడు మణికంఠ పదో తరగతి. వాడూ అంతే.

పెద్దవాడు దుర్గాప్రసాద్ ఇంటర్ రెండో సంవత్సరం. వరహాలు బెంగంతా వీడి మీదే. మార్చిలో భౌతికశాస్త్రం పరీక్షకి వీడు ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళాడు. గేటు మూసేశారు. ఎందుకు ఆలస్యమైందంటారా? బండి నేర్పినాయన "ఎప్పుడూ ఎడమవైపే పోనివ్వాలి" అని కొండలరావుకి చెప్పాడు. అప్పట్నుంచి ఆయన జన్మలో కుడివైపు తిరగలేదు. సెంటరేమో కుడిచేతి వీధిలో ఉంది. కొడుకుని వెనకాల ఎక్కించుకుని, ఎడమకే తిరుగుతూ, ఊరు మూడు చుట్లు చుట్టి, చక్కగా చేరాడు. ఒక్క నిమిషం తేడాలో వాడికి పరీక్ష పోయింది.

ఇప్పుడు జూన్‌లో సప్లిమెంటరీ. ఇదీ పోయిందంటే ఏడాది పోతుంది. వాడి ఈడు పిల్లలు ఇంజనీరింగు కాలేజీ బస్సెక్కుతుంటే వీడు గుమ్మంలో నిలబడి చూడాలి. ఆ మాట తల్చుకుంటే వరహాలుకి ముద్ద దిగేది కాదు. పైకి చెప్పుకునేది కాదు గానీ, కూర కలుపుతూ కలుపుతూ గరిటె ఆపేసి అలాగే నిలబడిపోయేది.

అలాంటి సమయంలో కాలేజీవాళ్ళు తల్లిదండ్రులని పిలిచి ఒక కాగితం ఇచ్చారు. గులాబీ రంగు కాగితం. దాని నిండా నియమాలు. అడుగున లావుపాటి అక్షరాలతో ఒక వాక్యం: "పై నియమాలు ఇంటిల్లిపాదీ పాటించవలెను."

"చూశావా వరహాలూ, ఒక్క పిల్లాడికి కాదు, అయిదుగురికీ చెప్పారు. ఎంత ముందుచూపు!" అని కొండలరావు మురిసిపోయాడు. కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

మొదటి నియమం, పరీక్ష అయ్యేదాకా సెల్‌ఫోను చేత్తో ముట్టుకోరాదు. అంతే, అయిదుగురూ ముట్టుకోవడం మానేశారు. ఫోను మోగితే వరహాలు పట్టకారుతో ఎత్తేది, కొండలరావు పప్పు తెడ్డుతో నొక్కేవాడు. పిల్లలు మాత్రం ఫోనుని గోడకి ఆనించి, ముక్కుతో తోసుకుంటూ సాయంత్రం దాకా వీడియోలు చూశారు. "చూడు, వేలు కూడా తగలనివ్వట్లేదు!" అని తండ్రి మెచ్చుకున్నాడు.

రెండో నియమం, చదివే వేళ ఇంట్లో సూది పడినా వినబడాలి. ఇక్కడే కొంచెం కష్టపడ్డారు. పెద్దవాడు పుస్తకం ముందు కూర్చోగానే వరహాలు వంటింట్లో ఒక సూది జారవిడిచింది.

"పడిందా?" అని వీధి గదిలోంచి కొండలరావు కేకపెట్టాడు.

"పడింది! వినబడిందా?" అని ఈవిడ ఇంకా గట్టిగా అరిచింది.

"లేదు! ఫ్యాను ఆపు!"

ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ఆపారు. రోహిణి ఎండల సెగ ఇంకా పోలేదేమో, పిల్లాడు చెమటతో పుస్తకం మీదికి కారిపోతున్నాడు. అయినా సూది వినబడలేదు. నడిపివాణ్ణి పంపి ఒక పొట్లం సూదులు తెప్పించారు. "పడిందా? పడింది! వినబడిందా? ఊహూఁ!" అని మధ్యాహ్నం దాకా మొగుడూ పెళ్ళాలు అరుచుకుంటూ పొట్లం ఖాళీ చేశారు. ఆఖరికి దుర్గాప్రసాద్ మంచినీళ్ళ కోసం ఒట్టి కాళ్ళతో వంటింట్లోకి వచ్చాడు. ఇంకేముంది, ఈసారి సూది సంగతి వీధి చివరిదాకా వినబడింది.

"ఇప్పుడు వినబడింది!" అని కొండలరావు సంతోషంగా లేచి వచ్చాడు.

పక్కింటి హైమావతి టీచరు ఆ కేక విని పరిగెత్తుకొచ్చింది. రిటైరైన మనిషి, నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పింది. పిల్లాడి కాలికి కట్టు కట్టి, "అమ్మా వరహాలూ, నీకో దణ్ణం. ఆ పిల్లాణ్ణి వాడి మానాన చదువుకోనివ్వండి" అంది.

"మీరు చెబితే చాలండి" అని వరహాలు వినయంగా ఆవిడకి ఎదురు దణ్ణం పెట్టింది. ఆ నిమిషం నుంచీ ఇంట్లో ఎవరూ పిల్లాడి వంక చూడలేదు. అన్నానికి కూడా పిలవలేదు.

మూడో నియమం, గోడ గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచవలెను. ఇంటిల్లిపాదీ పాటించాలి కదా. కొండలరావు పొద్దున్నే పది నిమిషాలు తిప్పాడు. ఆయన స్నానానికి వెళ్ళాక వరహాలు తిప్పింది. బడి నుంచి వచ్చి మణికంఠ తిప్పాడు, స్టూలు వేసుకుని ఉదయ్ తిప్పాడు, కుంటుకుంటూ వచ్చి దుర్గాప్రసాద్ తిప్పాడు. ఎవరి నియమం వాళ్ళు పాటించి, ఎవరికి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

నాలుగో నియమం, ముందు రోజే వెళ్ళి సెంటరు చూసుకోవలెను. అయిదుగురూ నడిచి వెళ్ళారు. హైస్కూలు గేటు ముందు వరసగా నిలబడి అరగంట చూశారు. గోడ చూశారు, గేటు చూశారు, గోడ మీద పిల్లిని చూశారు.

"రేపు గుర్తుపట్టాలంటే ఏదో ఒక ఆనవాలు పెట్టుకోవాలండీ" అంది వరహాలు. మార్చి నాటి దెబ్బ ఆవిడ మర్చిపోలేదు.

"గేటు పక్కనే చెరుకురసం బండి, దానికి ఎర్ర గొడుగు. ఊళ్ళో ఇంకెక్కడా ఇలాంటి గొడుగు లేదు. ఇంతకంటే ఆనవాలేం కావాలి?" అన్నాడు కొండలరావు. అందరూ ఎర్ర గొడుగుని బాగా బట్టీపట్టి ఇంటికొచ్చారు.

తెల్లారింది. పరీక్ష తొమ్మిదింటికి. గోడ గడియారం ఎనిమిదనగానే బయల్దేరారు. గుమ్మం దాటబోతుంటే వరహాలు కొడుకుని ఆపింది. హాల్ టికెట్‌ని తాడు కట్టి వాడి మెళ్ళో వేసింది. గులాబీ కాగితంలో మిగిలిన నియమాలు చదివి వినిపించింది: హాలులో ఎవరితోనూ మాట్లాడరాదు, అడిగిన ఏ ప్రశ్ననూ వదలరాదు, జవాబు పత్రం ఎవరికీ చూపించరాదు. ఆఖరిది రెండుసార్లు చదివింది. పక్కవాడికి చూపించి డిబారైన పిల్లాడి కథ ఒకటి ఆవిడ ఎక్కడో వింది.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు నాన్నా. నీ పేపరు ఎవరికీ చూపించవు కదూ?"

"చూపించనమ్మా. ఎవరడిగినా చూపించను" అని వాడు చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

పెళ్ళిళ్ళ రోజులవి. చెరుకురసం బండివాడు జనం ఎక్కడుంటే అక్కడికి పోతాడు గానీ, ఆనవాలుగా ఉండమంటే ఉంటాడా? ఆ పొద్దున వాడు రెండు వీధులవతల కల్యాణమండపం ముందు నిలబడ్డాడు. మనవాళ్ళు ఎర్ర గొడుగు వెతుక్కుంటూ వచ్చి, గొడుగు కనబడగానే, హమ్మయ్య అనుకుని లోపలికి నడిచారు.

గేటు దగ్గర ఇద్దరమ్మాయిలు పన్నీరు చల్లి, కలకండ పెట్టారు.

"సప్లిమెంటరీ వాళ్ళకి ఇంత మర్యాదా!" అని కొండలరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"మీరు ఎవరి తరఫండీ?" అని పెద్దాయనెవరో అడిగాడు.

"అబ్బాయి తరఫే! నేను తండ్రిని!" అన్నాడు కొండలరావు. పెద్దాయన ఎందుకో నోరు తెరిచాడు గానీ, వెనకాల సన్నాయి మొదలైంది, మాట వినబడలేదు.

పొడుగాటి బల్లలు, కుర్చీల వరసలు, బల్లల మీద పొడుగ్గా తెల్ల కాగితం పరిచి ఉన్న పెద్ద హాలు. దుర్గాప్రసాద్ కుంటుకుంటూ పోయి ఒక కుర్చీలో కూర్చుని కలం తీశాడు. హాలులో నియమం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది కాబట్టి మిగతా నలుగురూ నోరు బిగించి పక్కన కూర్చున్నారు.

వంట మేస్త్రి గోవిందు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. "ఏం పెట్టమంటారు బాబూ? ఇడ్లీయా, ఉప్మానా, రెండూనా?"

మొదటి ప్రశ్న! దుర్గాప్రసాద్ కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. తర్వాత బల్ల మీది కాగితం మీద నెంబరు వేసి, "1. రెండూ" అని రాసి, కింద గీత గీశాడు.

గోవిందు చదివి తల గోక్కుని రెండూ పెట్టాడు. "చట్నీ వెయ్యనా?"

"2. వెయ్యండి."

"నెయ్యి?"

"3. కొంచెం."

గోవిందు మిగతా నలుగురినీ అడిగాడు. నలుగురూ తలలూపారు తప్ప కిమ్మనలేదు. "అయ్యో పాపం, ఇంటిల్లిపాదీ మూగవాళ్ళే" అని వాడి మనసు కరిగిపోయింది. అంతే, మళ్ళీ మళ్ళీ వచ్చి అడగడం మొదలెట్టాడు. వాడు అడుగుతున్న కొద్దీ దుర్గాప్రసాద్ రాస్తున్నాడు. పద్నాలుగో జవాబు "చాలు", పదిహేనో జవాబు "చాలండీ బాబూ". వరహాలుకి కడుపు నిండిపోయింది, ఇడ్లీలతో కాదు, సంతోషంతో. ఒక్క ప్రశ్న దగ్గర కూడా కొడుకు కలం ఆగలేదు.

కాఫీ ఇవ్వబోతూ గోవిందు వాడి మెళ్ళో వేలాడుతున్న కాగితం చూశాడు.

"ఇదేంటి బాబూ, హాల్ టికెట్టు! పరీక్ష హైస్కూల్లో కదా! ఇది పరీక్షా కాదు, నువ్వు రాసింది పరీక్ష పేపరూ కాదు! టైము తొమ్మిదికి పది నిమిషాలే ఉంది!"

వరహాలుకి నోటిదాకా కేక వచ్చింది. అరవాలి. కానీ హాలులో ఎవరితోనూ మాట్లాడరాదు. ఆవిడ చటుక్కున లేచి, కుర్చీలు తోసుకుంటూ, పెళ్ళిపీటల పక్కనుంచి, పన్నీరు అమ్మాయిల మధ్యనుంచి పరుగెత్తి గేటు దాటింది. రోడ్డు మీద నిలబడి అప్పుడు అరిచింది.

"నా కొడుకు పరీక్షోయ్!"

సన్నాయి ఆగిపోయింది. గోవిందు మంచివాడు. సాంబారు క్యాన్ల స్కూటరు మీద పిల్లాణ్ణి ఎక్కించుకున్నాడు. పిల్లాడు ఎక్కేముందు తను రాసిన కాగితం ముక్కని జాగ్రత్తగా చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద వదిలేస్తే ఎవరైనా చూస్తారు కదా. స్కూటరు కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, మళ్ళీ కుడికి తిరిగింది. గేటు మూయబోతుంటే సాంబారు క్యాను అడ్డం పెట్టి పిల్లాణ్ణి లోపలికి తోశాడు.

గడియారాన్ని అయిదుగురూ తిప్పి యాభై నిమిషాలు ముందుకు జరపబట్టి సరిపోయింది. ఒక్కరే తెలివైనవాళ్ళుగా ఉండి ఉంటే ఆ రోజు ఏడాది పోయేది.

మూడు గంటలు వరహాలు ఆ గేటు ఎదుట ఎండలో నిలబడింది. కొండలరావు నీడలోకి రమ్మన్నా రాలేదు. దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. కొడుకు పాసైతే చాలు, ఇంక ఈ జన్మకి ఏమీ అడగనంది. గంట కొట్టారు. పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. వాళ్ళలో దుర్గాప్రసాద్ కుంటుతూ, నవ్వుతూ వచ్చాడు.

"రాశావా నాన్నా?"

"అన్నీ రాశానమ్మా. అన్నీ వచ్చినవే. లెక్కలు కూడా రెండుసార్లు సరిచూశాను."

వరహాలు నడివీధిలో కొడుకుని వాటేసుకుని ఏడ్చింది. కొండలరావు అందరికీ చెరుకురసం పోయించాడు. మధ్యాహ్నానికి బండి మళ్ళీ హైస్కూలు దగ్గరికి వచ్చేసింది లెండి.

ఇంటికి చేరేసరికి హైమావతి టీచరు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "ఏరా, ఎలా రాశావు?"

దుర్గాప్రసాద్ అటూ ఇటూ చూసి లోపలికి నడిచాడు. టీచరు వెళ్ళిపోయాక తలుపు గడియ వేశాడు, కిటికీలు మూశాడు. అప్పుడు చొక్కా పైకెత్తి, నడుముకి కట్టుకున్న కట్ట ఒకటి తీసి అమ్మ ఒళ్ళో పెట్టాడు. ఇరవై నాలుగు పేజీలు. గుండ్రటి అక్షరాలతో, బొమ్మలతో, కొట్టివేత లేకుండా నిండి ఉంది.

"ఇదిగోనమ్మా, నీ మీద ఒట్టు వేశానుగా. చివర్లో ఆ సారు వచ్చి ఇమ్మని ఒకటే గొడవ. నేనిస్తానా? ఎవరికీ చూపించలేదు."

వరహాలు పేజీలు తిప్పింది. ఆవిడకి భౌతికశాస్త్రం రాదు గానీ, కొడుకు రాత ముత్యాల్లా ఉందని మాత్రం తెలిసింది. ఎక్కడో ఒక మూల ఏదో అనుమానం వచ్చింది.

"మరి ఆ సారు ఊరుకున్నాడా నాన్నా?"

"ఊరుకోలేదు. కాగితం ఇవ్వకపోతే కదలనివ్వనన్నాడు. అందుకని పొద్దున ఇడ్లీల దగ్గర రాసిన జేబులో కాగితాన్ని ఆయన చేతిలో కట్టలో పడేసొచ్చాను. పరీక్ష పేపరు కాదని మేస్త్రిగారే చెప్పారుగా, అది ఎవరు చూస్తే మనకేంటి?"

వరహాలు అనుమానం తీరిపోయింది. కొండలరావు కొడుకు భుజం తట్టి, "చెప్పిన మాటకి గోరంత అటూ ఇటూ జరగలేదు, వీడు నా కొడుకు!" అన్నాడు. ఆవిడ ఆ ఇరవై నాలుగు పేజీలనీ కొత్త తువ్వాల్లో చుట్టి, బియ్యం డబ్బా అడుగున పెట్టి, పైన బియ్యం పోసి, మూత బిగించి దాని మీద కూర్చుంది.

"ఫలితాలొచ్చేదాకా ఎవరొచ్చి అడిగినా తియ్యను" అంది.