పెళ్లినాటి కొలతలు

కొండవల్లి రాజావారి పాత రేసుకారులో ఇంజను భాగాల మధ్య బిగించే గాస్కెట్ రేకు కాలిపోయింది. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు, కారు కంపెనీ పుస్తకంలోని కొలతలతో కొత్తది కోయిస్తే, బోల్టు రంధ్రాలు కలవలేదు. మెకానిక్ మస్తాను ఇంజను మీద కాగితం పరిచి, నూనె చేత్తో రుద్ది అచ్చు తీయబోయాడు.

రాజావారు కసిరారు. "పుస్తకం కన్నా నీ మసి కాగితం గొప్పదా? తేడా వస్తే మా స్థలంలోని నీ షెడ్డు ఖాళీ చేయాలి."

"పుస్తకం తప్పు కాదు దొరా. అవి ఇంజను కొత్తగా ఉన్నప్పటి కొలతలు. ముప్పై ఏళ్ల మరమ్మతుల్లో ఎన్ని రంధ్రాలు మళ్లీ తొలిచారో దానికేం తెలుసు? తమరి పెళ్లినాటి కోటు తెప్పించండి. ఆ కొలతలకే కొత్తది కుట్టిద్దాం."

రాజావారు తమ పొట్ట మీద బిగిసిన బొత్తాల కేసి చూసుకున్నారు. పుస్తకం మూసి, కాగితం కదలకుండా ఒక కొస తామే పట్టుకున్నారు.