గయలో గది

చయనులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన సందేహం శాస్త్రానిదైతే శాస్త్రంతోనే తీర్చేవారు. ఆ ప్రశ్న వెనక ఇంకేదో ఉందని తోస్తే మాత్రం జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించేవారు. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఆయన ఇంటి మేడ మీద సాయంత్రాలు తర్కపాఠం జరిగేది. వచ్చేవాళ్లలో ఉద్యోగస్థులు, రిటైరైనవాళ్లు ఎక్కువ. విశ్వపతి అందరిలోకీ చురుకైనవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. గురువుగారు సగం చెప్పేసరికి మిగతా సగం అందుకునేవాడు.

ఆ రోజు పాఠం ఆప్తవాక్యం గురించి. ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవచ్చు, ఎవరి మాటను తీసుకోకూడదు అన్న చర్చ చాలాసేపు సాగింది. అందరూ మెట్లు దిగి వెళ్లిపోతుంటే విశ్వపతి ఆగాడు.

"గురువుగారూ, ఇప్పుడు మాట చెప్పేవాడు ఎదురుగా ఉండడం లేదు. ఫలానా ఊళ్లో గది ఉంది, స్టేషనుకు కారు వస్తుంది అని ఒక సైటు చెబుతుంది. భద్రమైనదే అన్నట్టు పైన తాళం గుర్తు ఉంటుంది. బస చేసి మెచ్చుకున్నవాళ్ల మాటలు వందలకొద్దీ ఉంటాయి. ఆఫీసు చిరునామా, ఫోను నంబరు అన్నీ ఉంటాయి. ఇన్ని గుర్తులుండీ అది మోసమైతే, ముందుగా పసిగట్టే లక్షణం ఏమిటి?"

గొంతు మామూలుగానే ఉంది. చయనులు గారు మాత్రం అతని ముఖం వంక కాసేపు చూశారు. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఆ మేడ మీదికి వచ్చే అందరికీ తెలుసు.

పాఠానికి వచ్చేవాళ్లలో భ్రమరాంబ గారని ఒకావిడ ఉన్నారు. ఆడపిల్లల హైస్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పి రిటైరైన మనిషి. చిన్నతనంలోనే తల్లి పోతే మేనత్త పెంచింది. ఆ మేనత్తకు పిల్లల్లేరు. మహాలయ అమావాస్య నాడు గయలో ఆవిడ పేరున ఒక పిండం పెట్టి రావాలని భ్రమరాంబ గారికి ఏళ్లుగా కోరిక. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే వెళ్లిరావాలని ఆ ఏడు గట్టిగా అనుకుని, తోడుకు ఆడపడుచు శేషమ్మను బయల్దేరదీశారు. గది, కారు కుదిర్చే పని విశ్వపతికి అప్పజెప్పారు.

మహాలయ పక్షాల్లో గయలో గది దొరకడం మాటలు కాదు. విశ్వపతి చూసిన చోటల్లా నిండిపోయాయి. ఒక్క సైటులో మాత్రం కావలసినన్ని గదులు కనిపించాయి. కింది అంతస్తులోనే గది, స్టేషనుకు కారు, తెలుగు మాట్లాడే పురోహితుడు, అడిగినవన్నీ ఉన్నాయి. అతను అక్కడే ఖాయం చేసేశాడు.

గయలో దిగితే కారు రాలేదు. సైటు ఇచ్చిన నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఆటో అతను చిరునామా వెతికి తీసుకెళితే అక్కడ సిమెంటు గోడౌను ఉంది. ఊరంతా తిరిగినా తలదాచుకునే చోటు లేదు. వానలో తడుస్తూ మళ్లీ స్టేషనుకే వచ్చి ప్లాట్‌ఫారం మీద పడుకున్నారు. తెల్లారేసరికి శేషమ్మకు ఒళ్లు కాలిపోతోంది. అమావాస్య నాడు జనమంతా నది ఒడ్డున పిండాలు పెడుతున్న వేళ, భ్రమరాంబ గారు ఆసుపత్రి వరండాలో ఆడపడుచు చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

తిరిగొచ్చాక ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పోయిన డబ్బు ఊసైనా ఎత్తలేదు. మోకాళ్ల నొప్పని కబురు చేసి పాఠానికి రావడం మాత్రం మానేశారు.

"లక్షణం చెప్పడం నా వల్ల కాదు," అన్నారు చయనులు గారు. "భ్రమరాంబ గారింటికి వెళ్లు. బయల్దేరేముందు ఆవిడ ఏం చూసి నమ్మారో అడిగి రా. అంతకు మించి మాట్లాడనక్కర్లేదు."

విశ్వపతి ఆర్యాపురం దాకా నడిచే వెళ్లాడు. దారి పొడుగునా ఆవిడకు ఏం చెప్పాలో సర్దుకున్నాడు. ఈ మధ్య ఆ సైటును అతను మళ్లీ తీరిగ్గా చూశాడు. మెచ్చుకోళ్లన్నీ ఒకే వారంలో రాసినవి. వేరువేరు పేర్ల కింద అదే వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. గది ఫొటోలో కిటికీ అవతల సముద్రం కనిపిస్తోంది. గయలో సముద్రమేమిటి? మొదటిసారి చూసినప్పుడే ఆ నీలం తన కంటబడిందని, పనైపోతే చాలనుకుని దాటేశానని అతనికి లోలోపల తెలుసు. అయినా మోసం ఎంత తెలివి మీరిపోయిందో వివరంగా చెబితే, ఎవరైనా పడేవారేనని ఆవిడే అంటారని ఆశపడ్డాడు.

భ్రమరాంబ గారు తలుపు తీసి అతన్ని చూసి తడబడ్డారు. కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా మంచం అంచున కూర్చున్నారు. లోపలి గదిలో శేషమ్మ దగ్గు వినిపిస్తోంది.

"పిన్నిగారూ, గురువుగారు ఒక సంగతి అడిగి రమ్మన్నారు. ఆ సైటును మీరు ఏం చూసి నమ్మారు?"

"నేను సైటెక్కడ చూశాను నాయనా? ఫోనులో ఏదో చూపించావు, కళ్లజోడు లేక నాకు ఆనలేదు. అక్కడివాళ్లతో మాట్లాడావా అని నిన్నడిగాను. మాట్లాడాను, అన్నీ చూశాను అన్నావు. ఇంకేం కావాలనుకున్నాను."

విశ్వపతి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మేడ మెట్ల మీద ఆవిడ ఆ మాట అడిగిన సాయంత్రం కళ్లకు కట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదప్పుడు. ఇంటికి వెళ్లాక ఫోను చేద్దామనే అనుకున్నాడు. ఎలాగూ చేసే పనే కదా అని, చేసేసినట్టు చెప్పాడు. తరవాత మరిచిపోయాడు.

"నాకు నీ సంగతే బాధగా ఉంది," అంటున్నారు భ్రమరాంబ గారు. "నీలాంటి చదువుకున్నవాడితో ఫోనులో అంత నమ్మకంగా మాట్లాడి మోసం చేశారంటే వాళ్లెంత ఘటికులో. నా మానాన నేను ఊరుకోక ఆ బరువు నీ నెత్తిన పెట్టాను. అందరిలో నీకు మాట తెచ్చాను. ఏ మొహం పెట్టుకుని నీ ఎదటికి రావాలో తెలియక పాఠం మానుకున్నాను."

అతను మజ్జిగ తాగలేక గ్లాసు కింద పెట్టాడు. వెళ్లొస్తానని లేచాడు. గురువుగారు చెప్పిన పని అయిపోయింది. ఇంకేమీ మాట్లాడనక్కర్లేదని ఆయనే అన్నారు కూడా. గుమ్మం దిగి చెప్పులు తొడుక్కున్నాడు. గేటు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ మనిషి తన ముందు తలొంచుకుని బతుకుతోంది. ఎవరి తప్పుకు? వెనక్కి వచ్చి చెప్పులు విడిచాడు.

"నేను మాట్లాడలేదు పిన్నిగారూ."

"ఎవరితో?"

"ఆ హోటలువాళ్లతో. అసలు ఫోనే చెయ్యలేదు. చేశానని మీతో అబద్ధం చెప్పాను. ఆ ఫొటోలో ఏదో తేడాగా ఉందని అప్పుడే అనిపించింది. అదీ పట్టించుకోలేదు."

భ్రమరాంబ గారు అతను తాగకుండా వదిలేసిన మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టారు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిడ మెల్లగా అన్నారు.

"చెయ్యలేదు పిన్నిగారూ అని ఉంటే నేనే చేసుకునేదాన్ని. నాకు హిందీ వచ్చు. ఆ ఒక్క మాట అనడానికి నీకేమొచ్చింది?"

అతను నేల వంక చూస్తూ నిలబడ్డాడు. లోపల శేషమ్మ మళ్లీ దగ్గింది. భ్రమరాంబ గారు లేచి వెళ్లి ఆవిడకు మంచినీళ్లిచ్చి, దుప్పటి సర్ది, తీరిగ్గా తిరిగొచ్చారు. అంతసేపూ అతన్ని కూర్చోమనలేదు.

"వచ్చే మహాలయానికి మళ్లీ వెళతాను. గది నువ్వే చూడు."

విశ్వపతి నమ్మలేనట్టు తలెత్తాడు.

"శేషమ్మకు ఇక ప్రయాణాలు పడవు. నాకు తోడు నువ్వొస్తున్నావు. ఆ గదిలో నువ్వూ పడుకోవాలి. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూడు."

అతను ఇన్నీసుపేటకు తిరిగొచ్చేసరికి చయనులు గారు ఇంకా మేడ మీదే ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. చెప్పడం అయ్యాక గురువుగారి ముఖం చూడలేక చేతులు కట్టుకుని పక్కకు చూస్తూ నిలబడ్డాడు.

"అయితే గది చూసే పని మళ్లీ నీకే అప్పజెప్పారన్నమాట."

"అవునండి. నన్నూ వెంట రమ్మన్నారు."

"అయితే ఈసారి చూస్తావులే," అన్నారు చయనులు గారు.