రూబేను గుప్పెడు

అన్నం వండే ముందు బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు కదా, అది ఎవరికోసమో చెప్పండి చూద్దాం? ఆఁ, దేవుడి గుప్పెడు. ఆదివారం చర్చిలో కానుకగా ఇస్తారు, లేనివాళ్లకు పంచుతారు. అది గుర్తుంచుకుని వినండి.

కృపావతి అని ఒకామె ఉండేది. పెద్దామె రాహేలమ్మగారి వెంట ఊరూరా తిరుగుతూ, కష్టంలో ఉన్న ఇళ్లలో ప్రార్థన చేయడం నేర్చుకుంటుండేది. ఒక్కడే కొడుకు, రూబేను. ఏడేళ్లవాడు. వాడికి జ్వరం ఉన్నన్నాళ్లూ ఆమె దేవుడి డబ్బాలో పూటకు రెండేసి గుప్పిళ్లు వేసింది. పద్దెనిమిదో రోజున పిల్లవాడు పోయాడు.

ఆ తర్వాత ఆమె డబ్బా మూత తీయలేదు. ప్రార్థనలకూ వెళ్లలేదు.

నెల దాటాక ఒక పొద్దున రాహేలమ్మగారే వచ్చి, పొయ్యి దగ్గర పీట వాల్చుకున్నారు.

"ఏమ్మే, నన్నొక్కదాన్నే ఎండలో తిప్పుతున్నావు. దారిలో పోట్లాడదామన్నా మనిషి లేకపోయె."

కృపావతి నవ్వలేదు.

"నేనిక రానమ్మగారూ. దేవుణ్ణి నిండు మనసుతో నమ్ముకోండని నలుగురికీ ఏ నోటితో చెప్పను? ఆ మనసు నా దగ్గరే లేదు."

రాహేలమ్మగారు పొయ్యిలో పుల్లలు సర్దారు. "వంట కానివ్వు," అన్నారు.

ఎసరు పెట్టి, కృపావతి చేటలోకి బియ్యం తీయసాగింది. పెనిమిటికి రెండు గుప్పిళ్లు, తనకు రెండు. చెయ్యి మళ్లీ బియ్యంలోకి వెళ్లి ఇంకో గుప్పెడు తీసింది. అప్పుడు ఉలిక్కిపడి ఆగిపోయింది.

"చూశారా? రోజూ ఇంతే. వాడిది కూడా తీసేస్తాను. తిరిగి పొయ్యడానికి చేతులు రావు. వండితే తినేవాడు లేడు."

రాహేలమ్మగారు లేచి, గూట్లోని డబ్బా దించి, మూత తీసి ఆమె ముందు పెట్టారు.

కృపావతి గుప్పిట డబ్బా మీదికి వచ్చింది గానీ తెరుచుకోలేదు. వేళ్లు బిగుసుకుపోయాయి.

"అప్పుడు రెండేసి వేశాను కదమ్మగారూ. ఆయనకు చాలలేదా?"

పెద్దామె కళ్లు నిండాయి. ముడతలు పడ్డ చేతులు రెండూ ఆ గుప్పిట కింద దోసిలి పట్టి, అలాగే కూర్చున్నారు. ఎసరు మరిగి మరిగి సగమైంది. ఒక గింజ వేళ్ల సందులోంచి జారి దోసిట్లో పడింది. ఇంకొకటి పడలేదు.

"తెరవలేకపోతున్నానమ్మగారూ."

"తెరవకు తల్లీ. ఇక్కడే ఉంచు. ఆయనకేం తొందర లేదు."

తర్వాతా? ఉండండర్రా. దొడ్లో బట్టలు సగం పిండి వదిలేశాను, అవి ఆరేసి వస్తాను.