మాణిక్యమ్మ మేడ దిగిన వైనం

సోమవారం ఉదయం ఆరుంపావుకి రత్తయ్య పెరట్లో నిలబడి వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. ఆ సమయానికి అతని పెద్ద తమ్ముడు సుబ్బరాయుడు మేడమెట్లలో అయిదో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడు. "కిర్రుమనే మెట్టేదో గుర్తుపెట్టి ఉంచండి" అని వడ్రంగి బ్రహ్మాచారి కబురు పంపాడు మరి. సుద్దతో గీత గీస్తే చెరిగిపోవచ్చు. సుబ్బరాయుడు చెరిగిపోడు.

ఆలోచన రత్తయ్యదే. నలుగురు అన్నదమ్ముల్లో అతను పెద్దవాడు. ఊరు మొత్తానికి తెలివైన ఇల్లు తమదేనని అతని నమ్మకం.

"లోకంలో తప్పులన్నీ ఎందుకొస్తున్నాయిరా? విన్నదానికి సొంత ఆలోచన కలపడం వల్ల. మనింట్లో ఎవడైనా ఎప్పుడైనా సొంతం కలిపాడా?" అని అడిగేవాడు. తమ్ముళ్ళు బాగా ఆలోచించి, లేదనేవారు.

రెండు నెలల కిందట ఒక మెట్టు చెక్క కుంగి, తల్లి మాణిక్యమ్మ కాలు అందులో ఇరుక్కుంది. అప్పట్నుంచి ఆవిడ మేడ దిగలేదు. ఈ గురువారం గుమ్మలూరులో ఆవిడ చెల్లెలు మంగతాయారు కాశీ సమారాధన చేస్తోంది. పదింటి బస్సుకి బయల్దేరాలి.

"కాశీ నుంచి నాకు శాలువా తెచ్చిందిట. ఆ పూట నేను కనపడకపోతే ఇంకెవరికైనా కప్పేస్తుంది. దాని సంగతి నాకు తెలీదూ!" అని రోజుకు నాలుగుసార్లు పైనుంచి అరుస్తోంది.

ఏడింటికి బ్రహ్మాచారి బండి మీద కొత్త రెయిలింగ్ వేసుకుని వచ్చాడు. అతనిదీ గుమ్మలూరే.

"లే నాయనా, మెట్టు చూడాలి," అన్నాడు.

"నేను లేస్తే ఏ మెట్టో మీకెలా తెలుస్తుంది?" అన్నాడు సుబ్బరాయుడు.

ఆచారి అతన్ని చూశాడు, మెట్టుని చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళల్లో పనిచేస్తున్న మనిషి. "పై మెట్టు మీదికి జరుగు. నువ్వు కూర్చున్నదాని కిందదని గుర్తుంటుంది," అన్నాడు. సుబ్బరాయుడు జరిగాడు.

పాత రెయిలింగ్ మేకులు ఊడదీస్తూ, "పడిపోకుండా ఎవరినైనా పట్టుకోమనండి," అన్నాడు ఆచారి. రత్తయ్య ఆఖరి తమ్ముణ్ణి పిలిచాడు.

"ఒరే సాంబడూ, ఇది పట్టుకో. నేను వదలమనేదాకా వదలకు."

సాంబయ్య పట్టుకున్నాడు. రత్తయ్య నిశ్చింతగా కాఫీకి వెళ్ళాడు.

పొద్దుగూకేసరికి పని ముగిసింది. ఆచారి కుంగిన చెక్కలు మార్చాడు, సందుల్లో లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దాడు, కొత్త రెయిలింగ్ బిగించి అంతటికీ వార్నిష్ పట్టించాడు. పాతది టేకు కర్ర, పీటలకి పనికొస్తుంది, పట్టుకెళతానన్నాడు. రత్తయ్య సరేనన్నాడు.

"గురువారం దాకా మెట్ల మీద ఎవరూ కాలు పెట్టకండి. ఆ రోజు పొద్దున ఇంటికి పెద్దవాళ్ళు ముందుగా కింది మెట్టు మీద కుడికాలు పెట్టి పైదాకా ఎక్కాలి. మా పనివాళ్ళ ఆనవాయితీ. ఆ తర్వాత మీ ఇష్టం," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అంతే. మరి అమ్మకి అన్నం? మూడో తమ్ముడు పెంటయ్య క్యారేజీ మెడకి తగిలించుకుని, కాళ్ళు పైకెత్తి, పొట్ట మీద పాకుతూ ఎక్కాడు. పాకుతూనే దిగాడు. రోజుకి మూడు పూటలా ఇదే. బుధవారానికి మెట్ల మీద వార్నిష్ పోయింది గానీ అతని చొక్కా అద్దంలా మెరిసింది. కాలు మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

గురువారం ఎనిమిదింటికి రత్తయ్యకి అసలు చిక్కు కనపడింది. ఇంటికి పెద్ద అమ్మ. అమ్మ పైన ఉంది. కాలు పెట్టాల్సింది కింద.

"దిగొస్తాలేరా," అంది మాణిక్యమ్మ.

"దిగితే పై మెట్టు ముందు తొక్కినట్టవుతుందమ్మా. ఆచారి గారు కింది మెట్టన్నారు."

"అదీ నిజమే. నువ్వుండబట్టి సరిపోయింది."

ఇంకేముంది! ముగ్గురూ పెంటయ్య దారిలోనే పైకి పాకారు. నులకమంచానికి నాలుగు మూలలా మోకులు కట్టారు. సంచీతో సహా తల్లిని అందులో కూర్చోబెట్టారు. మూడు మోకులు ముగ్గురు పట్టుకున్నారు.

"నాలుగోది? సాంబడేడన్నయ్యా, సోమవారం నుంచీ కనపడ్డం లేదు," అన్నాడు సుబ్బరాయుడు.

"వాడికి పని అప్పజెప్పాను. పనిలో ఉన్నవాణ్ణి పిలవకూడదు," అని రత్తయ్య నాలుగో మోకుని కొత్త రెయిలింగ్ పైగుంజకి కట్టాడు.

మంచాన్ని మేడ వసారా మీంచి కిందికి దించసాగారు. ముగ్గురూ మోకులు వదులుతూ వచ్చారు. గుంజ వదల్లేదు, దానికెవరూ చెప్పలేదు. మంచం ఒరిగింది. గుంజ ఫెళ్ళున విరిగింది. మాణిక్యమ్మ వెళ్ళి గడ్డివాము మీద పడింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదుగానీ, బస్సుకెంత టైముందిరా?"

"పావుగంట!"

మాణిక్యమ్మ నేల మీద ఉంది. సంచీ చేతిలో ఉంది. బస్సు వచ్చి వీధి చివర ఆగి ఉంది. ఇంకొకరైతే వెళ్ళి ఎక్కేసేవారు. రత్తయ్య సొంతం కలిపే మనిషి కాదు.

"ముందు కుడికాలమ్మా," అన్నాడు.

ఆవిడ కుడికాలు పెట్టింది. పదిహేడు మెట్లూ నిదానంగా ఎక్కింది. ఒక్కటీ కిర్రుమనలేదు. పైన నిలబడి, తృప్తిగా కొడుకుల వంక చూసింది. వీధి చివర బస్సు హారన్ కొట్టింది.

"ఇక దిగొచ్చా?"

"ఇక మన ఇష్టమేనమ్మా!"

"అయితే త్వరగా మంచం పైకి లాగండిరా!"

మంచం పైకి చేరేసరికి బస్సు పొలిమేర దాటింది.

ఆదివారం బ్రహ్మాచారి వచ్చాడు. విరిగిన గుంజ చూశాడు, మెట్లు చూశాడు, పెంటయ్య చొక్కా చూశాడు.

"రత్తయ్యగారూ, మీ సాంబయ్య ఆ రోజు పాత రెయిలింగ్‌తో పాటు నా బండెక్కాడు. సాయం వస్తున్నాడనుకున్నాను. ఆరు రోజులుగా మా కొట్టంలో దాన్ని పట్టుకునే ఉన్నాడు. వదలరా బాబూ అంటే, అన్నయ్య చెప్పాలంటాడు. ఒక్కసారి వచ్చి చెప్పండి."

రత్తయ్యకి కళ్ళు చెమర్చాయి. "అదీ మా వంశం! వదలొద్దనే చెప్పండి ఆచారి గారూ. కొత్తది విరిగింది, మళ్ళీ పాతదే బిగిద్దాం."

"నా శాలువా ఎవరికి కప్పిందో కనుక్కోరా!" అని మాణిక్యమ్మ పైనుంచి అరిచింది.

అదీ ఆచారే చెప్పాడు. సమారాధన నాడు తమ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు కాబట్టి, సాంబయ్యని రెయిలింగ్‌తో సహా అక్కడికే తీసుకెళ్ళాడట. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, కుడిచేత్తో ఏడు బూరెలు తిన్నాడట. మా అక్క కొడుకులు మాట తప్పరని మంగతాయారు పదిమందికీ చెప్పి, ఆ శాలువా అతనికే కప్పిందట. పొడుగ్గా ఉండటంతో మిగిలిన చెంగు రెయిలింగ్‌కి కప్పిందట.