గిల్బర్ట్ దొర నేర్చుకున్న పేర్లు

అనగా అనగా, సముద్రాలు దాటి పడమటికి పోగా పోగా ఒక చలిదేశం. ఆ దేశంలో గోధుమచేల నడుమ ఒక రాతికోట. ఆ కోటలో గిల్బర్ట్ దొర ఉండేవాడు.

దొరకి తన గుర్రాల పేర్లు తెలుసు, వేటకుక్కల పేర్లు తెలుసు. పొలంలో పనిచేసేవాళ్ళని మాత్రం అందరినీ "ఏయ్!" అనే పిలిచేవాడు. ఆ కేకకే పదిమంది పరిగెత్తుకొచ్చేవారు. ఇక పేర్లతో పనేముంది?

ఇలా ఉండగా ఆ దేశానికి మహమ్మారి వచ్చింది. ఓడ దిగిన గుడ్డల మూటల్లో ఎలుకలొచ్చాయి. ఎలుకల బొచ్చులో కంటికి ఆనీ ఆనని పురుగులొచ్చాయి. ఆ పురుగులు కుట్టినవాళ్ళు మంచం పట్టారు.

ఈ సంగతి అప్పుడెవరికీ తెలియదు. "గాలి చెడింది" అన్నాడు వైద్యుడు. "పాపం పండింది" అన్నాడు పాదిరి. "ఇదంతా కూలిజనం కంపు!" అన్నాడు దొర. కోట తలుపులు బిగించి, ముక్కు దగ్గర గులాబీల గుత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎలుకలు తలుపు తట్టి రావు కదా! కోటలోనూ సగంమంది పోయారు. దొర బతికాడు. ఎందుకు బతికాడో అతనికీ తెలియదు, ఆ గులాబీలకీ తెలియదు.

మహమ్మారి వెళ్ళేసరికి ఊళ్ళో ఇళ్ళు ఎక్కువ, మనుషులు తక్కువ. మిగిలిన కొద్దిమందికీ పెద్దదిక్కు మాబెల్. భర్తనీ కొడుకునీ తన చేతులతోనే పూడ్చిపెట్టిన మనిషి.

గోధుమ పండింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. కోతలు కాకపోతే చలికాలమంతా ఊరికీ పస్తే, కోటకీ పస్తే.

దొర గుర్రమెక్కి వచ్చి "ఏయ్!" అని కేకేశాడు. ఒక కాకి లేచిపోయింది. అంతే.

మర్నాడు రాజుగారి శాసనం తెచ్చి మాబెల్ గుమ్మం ముందు చదివాడు. "పాత కూలికే పని చేయాలి. లేదంటే చెరసాల!"

"అలాగే దొరా," అంది మాబెల్. "తాళంచెవి ఎక్కడుందో వెతికించండి. కాపలావాడు కూడా పోయాడు పాపం."

"అసలు నీకేం కావాలి?"

"కూలి రెట్టింపు చేయండి. పక్క దొర ఇస్తానంటున్నాడు. ఇంకొకటి. నా మొగుడు పోయిననాడు మీరు గోడ మీంచి చూసి 'ఒకడు తగ్గాడు' అన్నారు. ఆ ఒకడి పేరు ఓడో. ఇకమీదట మమ్మల్ని పేర్లు పెట్టి పిలవండి."

దొరకి ఒళ్ళు మండింది. "నా పొలం నేనే కోసుకుంటా!" అని కొడవలి పట్టాడు. మధ్యాహ్నానికి దుప్పటి పరిచినంత చేను కోశాడు, తన పట్టు మేజోడు కోసుకున్నాడు. వంగిన నడుము వంగినట్టే ఉండిపోయింది.

ఏటేటా ఇంత చేనూ కోసిన ఓడో మొహం గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తుకు రాలేదు. దొరకి మొట్టమొదటిసారి సిగ్గేసింది.

పేర్లు అడగడానికి మొహం చెల్లక, మాబెల్ ఇంటి కంచె వెనక నక్కి చెవులు రిక్కించాడు.

"రాల్ఫ్, నీళ్ళు తే!" అంటోంది మాబెల్. "వదినా, కుండ దించు! ఒసే బెర్తా, అడ్డమైన గడ్డీ తినకే!"

దొర అన్నీ వల్లెవేసుకున్నాడు.

తెల్లారాక అందరినీ చేను గట్టున కలిసి, టోపీ తీశాడు.

"మాబెల్ గారూ," అన్నాడు. నాలుక తడబడినా అనేశాడు. "రాల్ఫ్ గారూ." రాల్ఫ్ తన వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూశాడు. ఆ పక్కనున్న లావుపాటి ఆవిడ ముందు దొర వంగి, "బెర్తా గారూ, తమరు కూడా కోతకు దయచేయాలి" అన్నాడు.

"బెర్తా మా మేక దొరా," అంది మాబెల్. "ఈవిడ మా వదిన పెరిన్."

ముందు పెరిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. తరవాత రాల్ఫ్ పడీపడీ నవ్వాడు. మాబెల్ నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. మహమ్మారి వచ్చాక ఆ ఊళ్ళో నవ్వు వినబడటం అదే మొదలు. ఎర్రబడ్డ మొహంతో దొర కూడా నవ్వేశాడు.

"మేకగారు రారు గానీ, మేం వస్తాం," అంది మాబెల్. "కూలి మాట?"

"రెట్టింపే, మాబెల్ గారూ."

చివరి గింజ గాదెలో పడ్డాకే వాన పడింది. కోతలో దొర కట్టిన గోధుమ పనలు మాత్రం దారిపొడవునా ఊడిపోతుంటే, పెరిన్ తిట్టుకుంటూ మళ్ళీ కట్టింది.

మనకి అన్నం పెట్టే చేతుల్ని పేరు పెట్టి గౌరవంగా పిలవాలి, పిల్లలూ. అందుకు మహమ్మారి వచ్చేదాకా ఆగకూడదు.