మసి అంటని దరఖాస్తు

తిమ్మభూపాలుడి కంట్లో పొగ పడింది. చెరకువలస మీదుగా పల్లకీలో వెళుతుంటే నలభై బెల్లం పొయ్యిల పొగ ఒక్కసారిగా వచ్చి మొహాన కొట్టింది. కోట చేరేదాకా రాజుగారు కళ్లు నులుముకుంటూనే ఉన్నారు. దారిలో చూసినవాళ్లు ఆయనకేదో పెద్ద దుఃఖం కలిగిందనుకుని, మర్యాద కోసం తామూ కాస్త ఏడ్చారు.

మర్నాడే చాటింపు వేయించారు. రాజ్యంలో బెల్లం పొయ్యిలన్నీ ఆర్పేయాలి. పొగ తగ్గించి పని పెంచే ఉపాయం చెప్పిన ఒక్క సీమకు పదివేల వరహాలు ఇస్తారు. ఆ సీమవాళ్లే మళ్లీ పొయ్యి వెలిగించుకోవచ్చు. ఉపాయం తాటాకుల మీద రాసి, నెలలోగా దరఖాస్తు పెట్టుకోవాలి.

నిబంధనలు రాసే పని లేఖనాధికారి విరూపాక్షయ్య మీద పడింది. ఆయన నూట పన్నెండు రాశాడు. వాటిలో పదిహేడోదంటే ఆయనకు మహా ముద్దు. "చాటింపు నాటి నుంచి వంటకూ, దేవుడి దీపానికీ తప్ప దరఖాస్తుదారు గానీ, అతని తరఫువారు గానీ ఏ పనికీ పొగ పుట్టించరాదు. పుట్టించినచో దరఖాస్తు చెల్లదు."

తరవాత తన బావమరిది పేరున తానే ఒక దరఖాస్తు కూడా రాశాడు. లేఖనాధికారికి బావమరిది ఉండకూడదని ఆ నూట పన్నెండింటిలో ఎక్కడా లేదు.

గడువు ఆఖరి రోజున చెరకువలస నుంచి ఎర్నమ్మ వచ్చింది. ఊళ్లో అందరికన్నా పెద్ద బెల్లం పెనం ఆమెదే. మూడు రోజులు నడిచి, ఒకే ఒక్క తాటాకు తెచ్చింది.

విరూపాక్షయ్య ఆకును అటూ ఇటూ తిప్పాడు.

"ఖాళీ ఆకు. పో!"

ఎర్నమ్మ నోరు తెరిచేలోగా భటులు ఆమెను మెట్లు దింపేశారు. ఆమె ఆ మెట్ల మీదే కూలబడింది.

అటుగా సూరప్ప వచ్చాడు. రాజుగారికి పొద్దస్తమానం తాంబూలం చుట్టి ఇవ్వడం అతని పని. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగేలా మాత్రం చేసుకుంటాడు.

"ఏమ్మా, అలా కూర్చున్నావు?"

"రాసిన ఆకే బాబూ. మా కరణంగారు గంటంతో గీసినారు. మసి పుయ్యనేదు, అంతే. మసి కావాలంటే ఆముదం దీపాలెట్టి పొగ పట్టాల కదా! పదేడో దాన్లో వొద్దన్నారని ఊరుకున్నాం." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "సేలో సెరుకు పూతకొచ్చేసినాది. ఇంకో పచ్చం రోజులు దాటితే రసముండదు, ఒట్టి పిప్పే. ఊరంతా పస్తే బాబూ."

గంటంతో గీసిన గీతలు మసి పూస్తేనే స్పష్టంగా కనబడతాయి. సూరప్ప ఆకును వెలుతురుకు ఏటవాలుగా పట్టి ఓపిగ్గా చదివాడు. తరవాత దాన్ని తమలపాకుల పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున వచ్చి సభ వెనకాల నిలబడమ్మా," అన్నాడు.

మర్నాడు సభలోకి బావమరిది దరఖాస్తును నలుగురు కావళ్లలో మోసుకొచ్చారు. వెయ్యిన్నెనిమిది ఆకులు. విరూపాక్షయ్య చదువుతూ పోయాడు. మూడు వందల ఆకులు దాటినా రాజుగారి పొగడ్త పూర్తికాలేదు. అందుకు రాజుగారేమీ విసుక్కోలేదు. చిట్టచివర ఉపాయం వచ్చింది. పొగ తగ్గుతోందో లేదో కూర్చుని చూడటానికి నూరు స్తంభాల మండపం.

రాజుగారు ముద్రిక తీశారు.

సూరప్ప తాంబూలం అందిస్తూ ఆకుల వైపు తొంగి చూశాడు. "అబ్బ, అక్షరాలు ఎంత నల్లగా నిగనిగలాడుతున్నాయి! అంగట్లో మంచి మసే దొరికిందే."

విరూపాక్షయ్యకు ఒళ్లు మండింది. "అంగడి మసా! మా ఇంట్లో పట్టించాను. మూడు వందల ఆముదపు దీపాలు, పంతొమ్మిది రోజులు! పైన బోర్లించిన మూకుళ్లు గీకితే రెండు కుండల మసి!"

"పొగ బాగా వచ్చిందా అయ్యవారూ?"

"బాగానా! వీధి వీధంతా తలుపులు బిగించుకున్నారు!"

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"చాటింపు మర్నాడే. ఆలస్యం నాకు గిట్టదు."

"పదిహేడో నిబంధన ఒకసారి చదివి పెడతారా? నాకు నోటికి రాదు."

విరూపాక్షయ్య అలవాటు కొద్దీ గొంతెత్తి మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి వచ్చేసరికి గొంతు తనకే వినబడలేదు.

సూరప్ప చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, వీరు పొగ ఎంత తగ్గిస్తారో నాకు తెలీదు. ఎంత పుట్టించగలరో మాత్రం వెయ్యిన్నెనిమిది ఆకుల్లో రుజువు చేశారు."

"మసి లేకుండా దరఖాస్తు ఎవడు రాస్తాడయ్యా?" అని అరిచాడు విరూపాక్షయ్య.

సూరప్ప పెట్టె అడుగు నుంచి ఖాళీ ఆకు తీశాడు. రాజుగారి తమలపాకు ఒకటి నలిపి దాని మీద రుద్ది, ఉత్తరీయంతో తుడిచాడు. నాలుగు వరసల అక్షరాలు పచ్చగా తేలాయి.

"తమలపాకు రసం నిబంధనల్లో లేదు!"

"వద్దని కూడా లేదుగా," అన్నారు రాజుగారు. "ఎవరిదీ ఆకు?"

ఎర్నమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది. "మాదే మారాజా. ఒకే పొయ్యి మీద వరసగా మూడు పెనాలెడతాం. ముందు పెనం కింద మంటెడితే, ఆ యేడి ఎనకాల రెండిటికీ ఎల్తాది. నలభై పొయ్యిల కాడ పద్నాలుగు సాలు. కట్టెలు కొట్టం, సెరుకు పిప్పే ఎండేసి కాలుత్తాం."

"పొగ ఉండదా?"

"ఉంటాది మారాజా. లేదని అబద్దమాడను. పొడుగ్గా గొట్టం కట్టి పైకి పంపుతాం, మీ పల్లకీ కన్నా ఎత్తుకి."

రాజుగారు ఆమె ఆకు మీద ముద్ర వేసి, చేతి కంకణం తీసి సూరప్పకు తొడిగారు.

విరూపాక్షయ్య చెమట తుడుచుకున్నాడు. పొద్దున్నుంచీ వెయ్యిన్నెనిమిది ఆకులు తిప్పిన చేతులవి. నుదురు మొదలు గడ్డం దాకా నల్లబడింది.

తిమ్మభూపాలుడు నవ్వాపుకోలేక సింహాసనం మీద వాలిపోయారు. ఆయన కళ్లవెంట మళ్లీ నీళ్లు కారాయి. ఈసారి సభలో ఎవరూ మర్యాద కోసం ఏడవాల్సిన అవసరం రాలేదు.